పది ప్రశ్నలు: ఒక సైకియాట్రిస్టు పరిశోధన, మన బాలింతలు

(ప్రపంచ మాతృ మానసిక ఆరోగ్య దినం సందర్భంగా ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, వైద్య విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక సైకియాట్రిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చిన ఆశా అక్కచెల్లెళ్ళకు, ఏఎన్‌ఎంలకు ముందుగా నమస్కారం. వెనక వరసల్లో నిలబడిన హౌస్ సర్జన్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

బాలింతలకు వచ్చే డిప్రెషన్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. లక్షణాలేమిటి, మందులేమిటి అన్నవి పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అందుకని వాటి బదులు ఒక మనిషి జీవితకాలపు పని గురించి చెబుతాను. ఆయన పేరు జాన్ కాక్స్, బ్రిటిష్ సైకియాట్రిస్టు. మీలో కొందరి సంచుల్లో ఉన్న పది ప్రశ్నల కాగితం, ఎడిన్‌బరో స్కేలు అంటామే, అది ఆయనా, ఆయనతో పనిచేసిన ఇద్దరు స్త్రీలూ కలిసి తయారుచేసినది. తర్వాతి రోజుల్లో ఆయన బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్‌కు అధ్యక్షుడయ్యారు, ప్రపంచ సైకియాట్రీ సంఘానికి సెక్రటరీ జనరల్‌గా ఉన్నారు. ఆ పదవుల జోలికి ఇక వెళ్ళను. ఆయన పరిశోధన ఒక్కొక్క మెట్టు ఎలా ఎక్కిందో చూస్తే, రేపు పొద్దున మీరు వెళ్ళబోయే బాలింత ఇంట్లో ఏం చేయాలో తెలుస్తుంది. నాకు కావలసింది అదీ.

కాన్పు తర్వాత తల్లి మనసు చెదరవచ్చన్న సంగతి వైద్యానికి కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో లూయీ విక్టర్ మార్సే అనే యువ వైద్యుడు 1858లోనే గర్భిణులు, బాలింతలు, పాలిచ్చే తల్లుల మానసిక జబ్బుల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఆ తర్వాత వందేళ్ళపాటు ఈ విషయాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ప్రసూతి డాక్టరుకు బిడ్డ క్షేమంగా బయటపడితే పని అయిపోయినట్టు. పిల్లల డాక్టరు బిడ్డ బరువు చూస్తాడు. మానసిక వైద్యుడి దగ్గరికి తల్లి చేరేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. ముగ్గురి మధ్యా తల్లి జారిపోయింది. 1980లో ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నప్పుడు దానికి మార్సే పేరే పెట్టారు.

ఇక కాక్స్ సంగతి. 1970ల మొదట్లో ఆయన ఉగాండా వెళ్ళి, కంపాలాలోని మకెరేరే విశ్వవిద్యాలయంలో పనిచేశారు. సైనిక నియంత ఇడీ అమీన్ ఆ దేశాన్ని పాలిస్తున్న రోజులు. అప్పట్లో ఐరోపా డాక్టర్లలో ఒక నమ్మకం గట్టిగా ఉండేది. కాన్పు తర్వాతి డిప్రెషన్ పాశ్చాత్య దేశాల జబ్బనీ, ఉమ్మడి కుటుంబాలూ, ఆచారాలూ, చుట్టూ పదిమంది ఆడవాళ్ళూ ఉండే సమాజాల్లో అది రాదనీ అనుకునేవాళ్ళు. మన దగ్గర కూడా ఈ మాట ఇప్పటికీ వింటాను. "మన ఇళ్ళల్లో అమ్మ ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది, ఇలాంటివి మనకెందుకు వస్తాయి మేడమ్?" అని చదువుకున్నవాళ్ళే అడుగుతారు.

కాక్స్ ఆ నమ్మకాన్ని అలాగే ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. వెళ్ళి అడిగారు. కంపాలా చుట్టుపక్కల పల్లె వాతావరణంలో ఉండే గర్భిణులను, గర్భం లేని స్త్రీలతో పోల్చి చూశారు. 263 మంది స్త్రీలతో చేసిన ఆ అధ్యయనం 1979లో అచ్చయింది. గర్భిణుల్లో మానసిక బాధలు ఎక్కువగా కనిపించాయి. కాన్పు తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు డిప్రెషన్‌తో ఉన్నారు. తర్వాత స్కాట్లాండ్‌లో లెక్క తీస్తే అక్కడా రమారమి అంతే. కుటుంబం పెద్దదైనంత మాత్రాన జబ్బు దూరంగా ఉండదని తేలింది.

అక్కడే ఆయన ఇంకో సంగతి రాసుకున్నారు. గాండా ప్రజల్లో అమకిరో అనే బాలింత జబ్బు గురించి ఒక నమ్మకం ఉంది. ఆ జబ్బు వచ్చిన తల్లికి బిడ్డను తినేయాలనిపిస్తుందట. గర్భంతో ఉన్నప్పుడు ఆమె పరాయి మగవాడితో తిరిగినందువల్లే అది వస్తుందట. జబ్బును జనం గుర్తుపట్టారు, దాని ప్రమాదాన్నీ గుర్తుపట్టారు. నేరం మాత్రం తల్లి మీద వేశారు.

మనం కూడా అదే చేశాం కదా అమ్మా! మన పెద్దవాళ్ళకు బాలింత సన్ని తెలుసు. బాలింతకు నిద్ర పట్టకపోవడం, పొంతన లేని మాటలు, బిడ్డను పట్టించుకోకపోవడం వాళ్ళు చూశారు. చూసి ఏమన్నారు? పచ్చి ఒళ్ళుతో బయట తిరిగింది, గాలి సోకింది అన్నారు. పథ్యం సరిగ్గా చేయలేదు, చెప్పినా వినకుండా చల్లటి నీళ్ళు ముట్టుకుంది అన్నారు. ఇందులో ప్రతి మాటకూ అడుగున "నువ్వే తెచ్చుకున్నావు" అన్న మాట ఉంది. తప్పు తనదేనని నమ్మిన తల్లి నోరు విప్పదు. నా దగ్గరికి వచ్చే తల్లులు డిప్రెషన్ గురించి చెప్పడానికి ముందు చెప్పే మొదటి మాట, "నేను మంచి తల్లిని కాదేమో డాక్టరు గారూ" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ పిల్ల మీద కాదు, ఆమె చేత ఆ మాట అనిపించిన వాళ్ళందరి మీదా.

బ్రిటన్ తిరిగొచ్చిన కాక్స్‌కు ఎడిన్‌బరోలో ఒక ఇబ్బంది ఎదురైంది. 1982లో అచ్చయిన ఆయన అధ్యయనంలో తల్లుల్లో సుమారు 13 శాతం మందికి చెప్పుకోదగ్గ డిప్రెషన్ ఉంది. కానీ వాళ్ళలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. అంటే వాళ్ళను కనిపెట్టే సాధనం లేదు. అప్పటికే డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళులు ఉన్నాయి. నిద్ర సరిగ్గా పడుతోందా, ఆకలి ఎలా ఉంది, బరువు మారిందా, అలసట ఉందా అని అడుగుతాయవి. రెండు వారాల బిడ్డ ఉన్న తల్లిని ఈ ప్రశ్నలు అడిగి చూడండి! ఏ తల్లికి నిద్ర ఉంటుంది? ఏ తల్లికి అలసట ఉండదు? ఆ కాగితాల ప్రకారం చూస్తే ఊళ్ళో బాలింతలంతా జబ్బుమనుషులే. లేకపోతే డాక్టరు ఆ జవాబులన్నీ "బాలింతకు మామూలే" అని పక్కన పెట్టేసి, నిజంగా జబ్బున్న తల్లిని కూడా ఇంటికి పంపేస్తాడు.

అందుకని కాక్స్, ఆయనతో జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ శరీరానికి సంబంధించిన ప్రశ్నలను వీలైనంత తీసేశారు. పది ప్రశ్నలు మిగిలాయి. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగావా? రాబోయే వాటి కోసం ఉత్సాహంగా ఎదురుచూశావా? అవసరం లేకుండా నిన్ను నువ్వు తప్పుపట్టుకున్నావా? కారణం లేకుండా భయం, ఆందోళన కలిగాయా? నిద్ర గురించి ఉన్న ఒక్క ప్రశ్న కూడా బిడ్డ ఏడుపు వల్ల పోయిన నిద్ర గురించి అడగదు. దుఃఖం వల్ల నిద్ర పట్టడం లేదా అని అడుగుతుంది. ఈ తేడా చూడండి, అక్కడుంది వాళ్ళ పనితనం. బిడ్డ నిద్రపోయాక కూడా తల్లి కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తోందంటే అది మనం పట్టించుకోవలసిన నిద్రలేమి. పదో ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 30. పూర్తిచేయడానికి ఐదు నిమిషాలు చాలు.

84 మంది తల్లుల మీద పరీక్షించారు. ముందు తల్లులు కాగితం నింపారు, ఆ తర్వాత సైకియాట్రిస్టు పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ చేశారు. 12 దాటిన స్కోరును హద్దుగా పెట్టుకుంటే, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో 86 శాతం మందిని కాగితం పట్టుకుంది. లేనివాళ్ళలో 78 శాతం మందిని సరిగ్గానే వదిలిపెట్టింది. 1987లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో అది అచ్చయింది. కాగితం మీద రచయితల పేర్లూ, మూలమూ ఉంచితే చాలు, ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఇప్పుడది 50కి పైగా భాషల్లో ఉంది.

పీజీలు ఇక్కడ ఒక మాట రాసుకోండి. 86, 78 అన్న ఆ అంకెలు ఎడిన్‌బరో తల్లులవి. ఎక్కువ స్కోరు వచ్చిందంటే ఈమెతో కూర్చుని మాట్లాడాలని అర్థం, జబ్బు ఖాయమైందని కాదు. స్కోరు తక్కువైనా మీ మనసుకు ఏదో తేడాగా అనిపిస్తే, మీ మనసు మాటే వినండి. భాష మారితే, చదివే తల్లి బదులు వినే తల్లి అయితే, హద్దు కూడా మారుతుంది. భారతదేశంలో చేసిన అధ్యయనాల్లో వేరువేరు చోట్ల వేరువేరు హద్దులు పెట్టుకోవలసి వచ్చింది.

బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ అదే సంపుటంలో, ఎడిన్‌బరో నుంచే ఇంకో వ్యాసం వచ్చింది. సైకియాట్రిస్టు రాబర్ట్ కెండెల్, ఆయన సహచరులు పన్నెండేళ్ళ రికార్డులు కలిపి చూశారు. 54,087 కాన్పులు. వాటిలో 90 రోజుల లోపు 120 మంది తల్లులు మానసిక వైద్యశాలలో చేరారు. చేరిన తేదీలు చూస్తే మొదటి నెల దగ్గర గోడలా లేచి నిలబడ్డాయి. గర్భానికి ముందు కాలంతో పోలిస్తే, కాన్పయిన మొదటి 30 రోజుల్లో సైకోసిస్‌తో (ఏది నిజమో తెలియనంతగా మనసు చెదిరే జబ్బుతో) ఆసుపత్రిలో చేరే అవకాశం 20 రెట్లకు పైగా ఉంది. ఒక స్త్రీ జీవితంలో మనసు ఇంత తీవ్రంగా చెదిరే అవకాశం ఉన్న నెల ఇంకోటి లేదు.

ఈ సైకోసిస్ వేరే సంగతి, దీనికి ప్రశ్నల కాగితం పనికిరాదు. కాన్పయిన మూడో నాలుగో రోజు కాస్త ఏడుపు, చిరాకు సగం మందికి పైగా తల్లులకు వస్తాయి, వారం పదిరోజుల్లో తగ్గిపోతాయి. వాటికి విశ్రాంతి, మంచి మాట చాలు. సైకోసిస్ వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. రెండు వారాల లోపే, కొన్నిసార్లు రెండుమూడు రోజుల్లోనే మొదలవుతుంది. రాత్రంతా నిద్ర లేదు, అయినా అలసట లేదు. మాట దారి తప్పుతుంది. పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి మనిషి మారిపోతుంది. ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అంటుంది. ఇలా ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకురావాలి. భూతవైద్యుడి దగ్గరికి ముందు వెళ్ళొస్తామంటే గొడవపడకండి, కానీ ఆసుపత్రికి ముందు వెళ్దామని ఒప్పించండి. ఇది సరైన వైద్యంతో బాగా తగ్గే జబ్బు. మా వార్డు నుంచి బిడ్డనెత్తుకుని నవ్వుతూ వెళ్ళిన తల్లులను నేను చాలామందిని చూశాను. ఒక్క సంగతి మరిచిపోకండి. ఒకసారి వచ్చిన తల్లికి తర్వాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు ఉంటుంది. అందుకని రెండోసారి గర్భం రాగానే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీద ఆ విషయం రాయించండి.

మళ్ళీ కాక్స్ దారికొద్దాం. కనిపెట్టడం అయింది. కనిపెట్టాక ఎవరు చూడాలి? అంతమంది సైకియాట్రిస్టులు ఎడిన్‌బరోలోనూ లేరు. జెనిఫర్ హోల్డెన్ హెల్త్ విజిటర్. కాన్పయిన ఇళ్ళకు తిరిగి తల్లీబిడ్డల్ని చూసే ఉద్యోగం అది, మీ పనే అనుకోండి. హెల్త్ విజిటర్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న తల్లి ఇంటికి వారానికోసారి, అరగంట చొప్పున ఎనిమిది వారాలు వెళ్ళమన్నారు. వెళ్ళి ఏం చేయాలి? వినాలి. సలహాలు కుమ్మరించకూడదు. మూడు నెలల తర్వాత చూస్తే, అలా వెళ్ళిన 26 మంది తల్లుల్లో 18 మంది పూర్తిగా కోలుకున్నారు. వెళ్ళని 24 మందిలో 9 మందే. ఇది 1989లో అచ్చయింది. చిన్న అధ్యయనమే. అయినా తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు ఈ రంగం నడిచిన దారి అక్కడే తెరుచుకుంది. మందుబిళ్ళ లేకుండా, సైకియాట్రిస్టు రాకుండా, ఇల్లు తెలిసిన మనిషి కూర్చుని వింటే తల్లి కోలుకుంటుందని లెక్కగట్టి చూపించారు.

ఆయన పనిలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించింది 1993 నాటి అధ్యయనం. అప్పటికి ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. బాలింత డిప్రెషన్ అంటే కాక్స్ అన్నట్టుగా ఉంది. ఆ సమయంలో ఒక ప్రశ్న వేసుకున్నారు. బాలింతల్లో డిప్రెషన్ ఉంది సరే, అదే వయసులో, అదే పరిస్థితుల్లో ఉండి, ఈ మధ్య కాన్పు కాని స్త్రీలలో ఎంత ఉంది? 232 మంది బాలింతలను, సరిజోడుగా ఇంకో 232 మంది స్త్రీలను తీసుకున్నారు. ఆరు నెలల దగ్గర చూస్తే బాలింతల్లో 9.1 శాతం, మిగతావాళ్ళలో 8.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకొకరైతే ఈ ఫలితం చూసి కంగారుపడేవారు, జీవితమంతా చేసిన పని కూలిపోతుందేమోనని. ఆయన దాన్ని అచ్చువేశారు. దాంతోపాటు ఇంకో లెక్క కూడా తీశారు. కొత్తగా డిప్రెషన్ ఎప్పుడు మొదలైందని చూస్తే, కాన్పయిన మొదటి ఐదు వారాల్లో అది మూడు రెట్లు ఎక్కువగా మొదలవుతోంది. ఈ రెండు సంగతులనూ కలిపి ఆలోచించండి. చిన్నవయసు ఆడవాళ్ళలో డిప్రెషన్ మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా ఉంది. కాన్పు దాన్ని ముందుకు తోసి బయటపెడుతోంది. సరిగ్గా ఆ ఐదారు వారాల్లోనే ఎవరో ఒక ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటి గడప తొక్కుతోంది. జీవితంలో ఇంకెప్పుడూ ఆ స్త్రీ ఇంటికి ఇంత తరచుగా ప్రభుత్వం తరఫున మనిషి వెళ్ళి "ఎలా ఉన్నావమ్మా" అని అడగదు.

ఆశా అక్కలూ, మీ హోమ్ విజిట్లు లెక్కపెట్టండి. ఆసుపత్రి కాన్పుకు మూడో రోజు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. ఆరుసార్లు. బిడ్డను తూకం వేస్తారు, టెంపరేచర్ చూస్తారు, బొడ్డు చూస్తారు. కాక్స్ లెక్కలో జబ్బు మొదలయ్యే ఐదు వారాలు మొత్తం మీ ఆరు విజిట్లలో ఉన్నాయి. దీనికోసం ప్రభుత్వం కొత్తగా ఇంకో మనిషిని వేయనక్కర్లేదు. మీకు శిక్షణ ఇవ్వాలి, మీ వెనక డాక్టరు నిలబడాలి, ఈ పనికి మీకు డబ్బివ్వాలి. ఆఖరి మాటకు చప్పట్లు కొట్టారు, సంతోషం. పైవాళ్ళకు కూడా వినబడాలి.

మీ చేత అవుతుందా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే రావల్పిండి చూడండి. పాకిస్తాన్‌లో, రావల్పిండి పక్క పల్లెల్లో అతిఫ్ రెహమాన్ అనే సైకియాట్రిస్టు పనిచేశారు. డిప్రెషన్ ఉన్న తల్లుల బిడ్డలు ఎక్కువగా బక్కచిక్కిపోతున్నారనీ, వాళ్ళకు విరేచనాలు ఎక్కువగా వస్తున్నాయనీ ఆయన 2004లోనే చూపించారు. ఆ తర్వాత అక్కడి లేడీ హెల్త్ వర్కర్లకు, అంటే ఆ ఊళ్ళ ఆడవాళ్ళకే, మాటలతో చేసే వైద్యంలో కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. కడుపుతో ఉన్న ఆఖరి నెలలో నాలుగుసార్లు, కాన్పయిన మొదటి నెలలో మూడుసార్లు, తర్వాత నెలకోసారి తొమ్మిదిసార్లు. మొత్తం 16 విజిట్లు. 903 మంది తల్లులు. అందరికీ గర్భంలోనే డిప్రెషన్ ఉంది. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, శిక్షణ పొందినవాళ్ళు వెళ్ళిన ఊళ్ళలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మిగతా ఊళ్ళలో 53 శాతం మందికి. 2008లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మాన్యువల్‌గా అచ్చువేసింది.

అందులో ఒక తెలివైన పని ఉంది. ఆ ఇళ్ళలోకి వెళ్ళి "మీ కోడలికి మానసిక జబ్బు, మేం వైద్యం చేస్తాం" అనలేదు. "బిడ్డ బాగా ఎదగాలి, దానికి తల్లి బాగుండాలి" అన్నారు. అత్తలు కూడా పక్కన కూర్చున్నారు, ఎందుకంటే మనవడు బాగుండాలని ఏ నానమ్మకు ఉండదు? తల్లులు కోలుకున్నారు, టీకాలు పూర్తయ్యాయి, విరేచనాలు తగ్గాయి, తండ్రులు బిడ్డలతో ఆడటం పెరిగింది. బిడ్డల బరువులో మాత్రం అనుకున్నంత తేడా రాలేదు. వైద్యం తల్లికి పనిచేసింది కదా, నాకు అదే చాలు. తల్లి బాగుపడటానికి బిడ్డ బరువు సాక్ష్యం చెప్పక్కర్లేదు.

మన దేశానికి వద్దాం. రాయవెల్లూరు దగ్గరి పల్లెల్లో 359 మంది స్త్రీలను కాన్పుకు ముందూ తర్వాతా చూసిన అధ్యయనం 2002లో వచ్చింది. కొత్తగా 11 శాతం మందికి డిప్రెషన్ మొదలైంది. కారణాల్లో పేదరికం ఉంది, కొడుకు కోసం చూస్తుంటే కూతురు పుట్టడం ఉంది, అత్తతో, తల్లిదండ్రులతో పడకపోవడం ఉంది, చేతికింద సాయం లేకపోవడం ఉంది. అదే ఏడాది గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం చూస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల దగ్గర 23 శాతం. అక్కడ భర్త కొట్టడం, ఆకలి కనిపించాయి. మళ్ళీ ఆడపిల్ల పుట్టడం. దేశంలో అప్పటిదాకా జరిగిన 38 అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే 22 శాతం వచ్చింది. ఐదుగురు తల్లుల్లో ఒకరు. ఈ హాల్లో ఒక్కో వరసలో ఒకరున్నట్టు.

ఈ కారణాల్లో ఎన్ని హార్మోన్లో మీరే చెప్పండి. హార్మోన్లకు పాత్ర ఉంది, నేను కాదనను. కానీ ఆడపిల్ల పుట్టిందని మూడు రోజులు ఆసుపత్రికి రాని భర్తకు ఏ మందు రాయను? తల్లికి సెర్‌ట్రలిన్ అనే డిప్రెషన్ మందు రాస్తాను, పాలిస్తూ కూడా డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవచ్చు. భర్తను మాత్రం పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాలి. అది కూడా వైద్యంలో భాగమే, కేసు షీట్‌లో రాయండి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ ప్రభా చంద్ర చేసిన పని గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. కాన్పు తర్వాత తీవ్రమైన మానసిక జబ్బుతో వచ్చిన 50 మంది తల్లులను ఆమె బృందం ఎవరూ అడగడానికి సాహసించని ప్రశ్న అడిగింది, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన వచ్చిందా అని. 43 శాతం మంది వచ్చిందన్నారు. 2002లో ఆ ఫలితం వచ్చింది. ఆ సంఖ్య వినగానే తల్లి నుంచి బిడ్డను లాగేసుకోవాలనిపిస్తుంది. ఆమె దారి అది కాదు. 2009లో నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే వార్డు తెరిచారు, దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. నర్సులు, ఇంటివాళ్ళు పక్కనుండగా, తల్లి కోలుకుంటూనే బిడ్డను ఎత్తుకోవడం, పాలు పట్టడం మళ్ళీ నేర్చుకుంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా అదే మాట అంది. చికిత్సకు చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బిడ్డకు ప్రమాదం ఉందని వేరుచేస్తే, ప్రతి 15 రోజులకూ ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూడాలి. చట్టం వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల జిల్లా ఆసుపత్రుల్లో అలా కలిపి ఉంచే పడకలు రావాలి. ఇక్కడున్న అధికారులను నేను కోరుకునేది అదే, పెద్ద భవనం అక్కర్లేదు, ప్రసూతి వార్డు పక్కన రెండు గదులు చాలు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. కాగితం మంచిదే, కానీ అడిగే చోటు సరిగ్గా లేకపోతే పది ప్రశ్నలకూ సున్నాలే వస్తాయి. మంచం పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఏ కోడలు తనకు ఏడుపొస్తోందని చెబుతుంది? కన్నతల్లి ముందు కూడా చెప్పదు, అమ్మ బెంగపెట్టుకుంటుందని. అందుకని వేళ చూసుకోండి. బిడ్డకు నీళ్ళు పోయడానికి పెద్దావిడ పెరట్లోకి తీసుకెళ్ళినప్పుడు మీకు పావుగంట దొరుకుతుంది. అప్పుడు కూర్చోండి. కాగితం తీయకముందు, "రాత్రి ఏమైనా తిన్నావా అమ్మా?" అని అడగండి. ఆమె వైపు చూసి అడగండి, బిడ్డ వైపు చూస్తూ కాదు.

మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో. అంటే మీ విజిట్లు జరిగేది పుట్టింటి ఊళ్ళో. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తగారింటికి పంపుతారు. అక్కడికి వెళ్ళాక పొలం పని, ఇంటి పని, బిడ్డ, మళ్ళీ ఆ మాటలు. నా దగ్గరికి చాలామంది ఆ తర్వాతే వస్తారు. అప్పటికి నలభై రెండో రోజు ఎప్పుడో దాటిపోయింది, ఆమె పేరు ఇంకో ఊరి ఆశా దగ్గర ఉంటుంది, లేదా ఎవరి దగ్గరా ఉండదు. పీజీలు థీసిస్ కోసం అంశం ఏం తీసుకోవాలని నన్ను అడుగుతుంటారు. ఇది తీసుకోండి. పుట్టింట్లో ఒకసారి, అత్తగారింటికి వెళ్ళిన రెండు నెలలకు ఒకసారి అదే తల్లిని అడగండి. కష్టమైన పనే, ఊళ్ళు తిరగాలి. కాక్స్ కంపాలా చుట్టూ తిరిగారు కదా.

ఇంకొకటి. బ్రిటన్‌లో 1997 నుంచి 1999 వరకు చనిపోయిన తల్లుల కేసులన్నీ విప్పి చూస్తే, కాన్పయిన ఏడాదిలోపు తల్లులు చనిపోవడానికి ఆత్మహత్య ప్రధాన కారణమని తేలింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గర్భిణి, బాలింత ఆత్మహత్యను ప్రసూతి మరణంగానే లెక్కించాలని చెప్పింది. మన దగ్గర రక్తస్రావంతో పోతే ఆడిట్ కమిటీ కూర్చుంటుంది. ఉరేసుకుని పోతే పోలీసు కేసవుతుంది, ప్రసూతి లెక్కలోకి రాదు. ప్రతి ప్రసూతి మరణ సమీక్షలోనూ ఆ తల్లుల కేసులు కూడా విప్పి చూడాలి.

(సభలోంచి ఒక ఆశా కార్యకర్త: "మేడమ్, పదో ప్రశ్నకు ఆ అమ్మాయి అవునంటే మేమేం చేయాలి? మాకు భయమేస్తుంది.")

మంచి ప్రశ్న అడిగావమ్మా, కూర్చో. భయం సహజం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది అనుకుంటారు. అలా పుట్టదు. అడిగితే తల్లికి బరువు దిగుతుంది. అవునంటే ఆమె చెయ్యి పట్టుకుని, ఎప్పుడనిపించింది, ఎలా చేసుకోవాలనుకున్నావు అని నెమ్మదిగా అడుగు. బిడ్డ గురించి కూడా అలాంటి ఆలోచన వచ్చిందా అని అడుగు. తిట్టకు, ఒట్లు వేయించుకోకు. ఆమెను ఒంటరిగా వదలకు. ఇంట్లో ఆమె నమ్మే మనిషి ఎవరో ఆమెనే అడిగి, వాళ్ళను పిలిచి పక్కనుంచు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే వాళ్ళ చేత తీయించి తాళం వేయించు. అక్కడి నుంచే మీ ఏఎన్‌ఎంకూ, మెడికల్ ఆఫీసరుకూ ఫోన్ చెయ్యి. 14416, టెలిమానస్ అనే ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ ఫోన్, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు కలిపి ఆమెకివ్వు. ఎలా చేసుకోవాలో కూడా అనుకుని ఉంటే, లేదా పొంతన లేని మాటలు ఉంటే, ఆ రోజే 108లో ఆసుపత్రికి, తల్లీ బిడ్డా ఇద్దరూ కలిసి. మర్నాడు పొద్దున మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళు, నీ విజిట్ తేదీ కాకపోయినా సరే.